అమ్మ చేసిన పనికి జీతం ఉండాలి

2008 నుంచి కన్నుమూసేదాకా మా అమ్మకు సొంత అంగిలి సగమే ఉండేది. మిగతా సగాన్ని, దాని పైనున్న దవడ ఎముకతో సహా, విశాఖపట్నంలో డాక్టర్లు తీసేశారు. ఆ ఖాళీ మూయడానికి గులాబీ రంగు యాక్రిలిక్ ప్లేటు చేసి, దానికే నాలుగు కట్టుడు పళ్లు అమర్చి ఇచ్చారు. ప్లేటు పెట్టుకుంటే మాట తెలిసేది, గంజి గొంతులోకి దిగేది. తీసేస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి కారేవి, ఏం మాట్లాడినా గాలి తప్ప అక్షరం వినపడేది కాదు. ఇలాంటి ప్లేటు ఉన్నవాళ్లు సొంత పిల్లల ముందు కూడా దాన్ని తియ్యడానికి ఇష్టపడరు. అమ్మ మాత్రం ఊరూరా తిరిగి, ముక్కూమొహం తెలియని ఆడవాళ్ల మధ్య కూర్చుని, దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూపించేది. 2022లో పోయేదాకా ఆ పని మానలేదు.

అమ్మ గురించి రాయమని తోటి ఉపాధ్యాయులు చాలాకాలంగా అడుగుతున్నారు. అమ్మ పోయిన బాధ ఒక్కటే అయితే అది నా ఇంట్లో నేను పడేదాన్ని. అమ్మతోపాటు ఆ పని కూడా ఆగిపోయింది, అందుకని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి దగ్గర్లో ఓ చిన్న ఊరు. మా వైపు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి, నిప్పున్న కొసను నోటి లోపలికి తిప్పి పెట్టుకుని పీల్చడం. ఉత్తరాంధ్ర తీరమంతా ఉన్న ఈ అలవాటు గురించి తెలుగునేల మీదే చాలామందికి తెలియదు. కన్యాశుల్కంలో గిరీశం చుట్ట ఎరగని చదువరి ఉండడు, అదే మా అమ్మమ్మల చుట్ట గురించి గోదావరి జిల్లాల మిత్రులకు చెబితే నమ్మరు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సాయంత్రం పూట అమ్మ చుట్టలు చుట్టడం చూశాను. సంతలో కొన్న నాటు పొగాకు ఆకు మీద నీళ్లు చిలకరించి మెత్తబడనిచ్చేది. గోటితో ఈనె లాగేసి, ముక్కలన్నీ లోపల సర్ది, తొడమీద పెట్టి బిగించి దొర్లించేది. చివర దారంతో కట్టేది. మర్నాడు ఊడ్పులకు వెళ్తూ ఒకటి వెలిగించేది. రెండు చేతులూ బురదలో ఉంటాయి, సముద్రం మీంచి గాలి ఆగకుండా కొడుతుంటుంది. బయట నిప్పు నిలవదు, లోపలుంటే నిలుస్తుంది. అత్తమామల ముందు కోడలు పొగ తాగుతున్నట్టు కనపడకుండా కూడా ఉంటుంది. చాకలి రేవులో, చేపల ఒడ్డున, వరి మడిలో ఆడవాళ్లందరికీ ఇవే కారణాలు. పళ్ల పోటుకు మంచిదని, ఆకలి తెలియదని పెద్దవాళ్లు చెప్పేవారు. అమ్మ పెదాలు బిగించి ఉందంటే లోపల చుట్ట ఉన్నట్టు లెక్క. అప్పుడు ఏమడిగినా తలూపేదే తప్ప మాట ఉండేది కాదు. నేను చిన్నప్పుడు అదే ఆమె సహజమైన మొహం అనుకునేదాన్ని.

వైద్యులకు ఇది కొత్త సంగతి కాదు. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు నిప్పును లోపల పెట్టుకుని తాగే చుట్టే కారణమని 1957లోనే మన దేశపు వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత బొంబాయి నుంచి, విదేశాల నుంచి వచ్చిన పరిశోధకులు మా జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. చూసినవాళ్లలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. మిగతా దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక మీద వస్తుంది. గట్టి అంగిలికి రావడం అరుదు. మా దగ్గర ఎక్కువగా అంగిలికే వస్తుంది. దంతవైద్యం చదువుకునేవాళ్ల పుస్తకాల్లో మా వైపు అడ్డపొగ ప్రస్తావన ఉంటుంది. మా ఊరి ఆడవాళ్లకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద 85 శాతం స్థలంలో హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టే లేదు, బొమ్మ ఎక్కడ వెయ్యాలి? చదువురాని మనిషి కూడా చూసి భయపడాలని తెచ్చిన బొమ్మ, చదువురాని మా ఆడవాళ్ల దాకా చేరే దారే లేకుండా పోయింది.

అమ్మకు మొదట కారం తగిలితే మంట పుట్టేది. పచ్చిమిరపకాయ నంజుకుని గంజి తాగే మనిషి ఉత్త పప్పు అడగడం మొదలుపెట్టింది. తర్వాత అంగిలి మీద చిన్న పుండు. చూపించిన చోట నోటిపూత అన్నారు, బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చారు. నెలలు గడిచాయి. ఊళ్లో దంతవైద్య విద్యార్థులు శిబిరం పెడితే పన్ను పీకించుకుందామని వెళ్లింది. అక్కడో అమ్మాయి టార్చి వేసి చూసి, పన్ను సంగతి వదిలేసి, తనతో వచ్చిన పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చింది. అంగిలి అంతా తెల్లబారి, అందులో ఎర్రటి చుక్కలు, ఓ పక్కన ఎర్రగా పుండు. ముక్క తీసి పరీక్షకు పంపారు. నెల తిరక్కుండా ఆపరేషన్ జరిగింది. అంతకుముందు ఏడాదే మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే ఉన్న పాతిక సెంట్లూ పోయేవి. ఆపరేషన్ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. నోరంతా పొక్కిపోయి, గ్లాసుడు మజ్జిగ తాగడానికి పూట పట్టేది. ఇరవై కిలోల దాకా తగ్గిపోయింది. ఆ అమ్మాయి పేరు అమ్మకు చివరిదాకా తెలియలేదు. “టార్చి ఏసిన గుంట” అనేది. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ గుంటను కూడా చల్లగా చూడమని అడిగేది.

కోలుకున్నాక అమ్మ కొన్న మొదటి వస్తువు టార్చిలైటు.

మొదట మా పక్కింటి పిన్ని నోరు చూసింది. తర్వాత వీధి. తర్వాత ఉపాధి హామీ పనుల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. చెరువు పూడిక తీసేచోట మధ్యాహ్నం గంజికి అందరూ చెట్టు కిందికి చేరతారు. అక్కడైతే మగవాళ్ల ఎదట నోరు విప్పని వాళ్లు కూడా కలిసి కూర్చుంటారు. అమ్మ క్యాన్సర్ మాట ఎత్తేది కాదు. “అప్పా, కారం తగిలితే మంటగుంటందా?” అని అడిగేది. అడ్డపొగ తాగేవాళ్లలో ఆ మంట చాలామందికి ఉంటుంది. ఒకరు అవునంటే పక్కనావిడా అవునంటుంది. అప్పుడు ప్లేటు తీసేది. చెంబులో నీళ్లు పుక్కిట పట్టి తల కాస్త వంచేది. నీళ్లు ముక్కులోంచి ధారగా కారేవి. ఒక్కరూ మాట్లాడేవారు కాదు. ప్లేటు కడిగి మళ్లీ పెట్టుకుని, పైటచెంగుతో మొహం తుడుచుకుని, “సుట్ట ఏసిన సిల్లు ఇది. నాకు నేటయిపోనాది. మీకింకా నేటవ్వనేదు, నోరు తెరండి” అనేది. తెరిచేవాళ్లు. వరసగా, చిన్నపిల్లల్లా, ఒకరి తర్వాత ఒకరు.

ఇదంతా నేను దగ్గరుండి చూశాను. బడి సెలవుల్లో తోడు వెళ్లేదాన్ని. చదువుకున్నదాన్ని కదా అని నేను అడ్డపొగ హాని గురించి చెప్పబోతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. నా నోట్లో చుట్ట ఎప్పుడూ లేదు. ఆ సుఖం నాకు తెలియదు, మానేటప్పటి వేదనా తెలియదు. అమ్మకు రెండూ తెలుసు. ఆపరేషన్ అయ్యాక కూడా పొగ వాసన తగిలితే ప్రాణం లాగేసేదని ఆవిడ వాళ్లకు దాచకుండా చెప్పేది. మానడం కష్టమని ఒప్పుకున్న మనిషి మాటే వాళ్లు విన్నారు.

కొన్నిచోట్ల మగవాళ్లు అడ్డుపడ్డారు. ఒక ఊళ్లో పెద్దమనిషి, “ఆడదానివి నలుగురిలో నోరు తెరిసి సూపిత్తావేటి, సిగ్గునేదా?” అన్నాడు. “తెరవకే గదేటి బాబూ ఇలాగయిపోనాది” అంది అమ్మ. ఆయన భార్య ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి నోరు చూపించుకుని వెళ్లింది. ఓ పెళ్లిలో అందరికీ పంక్తిలో వడ్డించి అమ్మకు మాత్రం విడిగా అరుగు మీద విస్తరి వేశారు, అంటుకుంటుందని. నేను లేచి వచ్చేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. విస్తరి పట్టుకుని పంక్తిలోకి వెళ్లి పెళ్లికూతురి మేనత్త పక్కన కూర్చుంది. “అంటుకుంటే నా పిల్లలకి, నా ముసలోడికి అంటుకోదేటి వదినా?” అని అడిగి, భోజనం పూర్తిచేసి, ఆ మేనత్త నోరు కూడా చూసే వచ్చింది. క్యాన్సర్ అంటువ్యాధి కాదని గోడమీద రాస్తే ఎంతమంది చదువుతారో గాని, ఆ పంక్తిలో కూర్చున్నవాళ్లు మాత్రం మర్చిపోరు.

అందరూ బాగుపడలేదు. మా పక్క ఊళ్లో ఒకావిడ, అమ్మకు వరసకు చెల్లెలు. అంగిలి మీద ఎర్ర మచ్చ అమ్మే కనిపెట్టింది. విశాఖ తీసుకెళ్లింది. ముక్క తియ్యాలనేసరికి ఆవిడ లేచి వచ్చేసింది. “ముక్క కోత్తే పాకిపోద్ది” అని ఎవరో చెప్పారట. ఈ నమ్మకం మా వైపే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఎందుకు ఉందంటే, చాలామంది జబ్బు ముదిరిపోయాకే ఆసుపత్రికి వెళ్లి ముక్క తీయించుకుంటారు, తొందరగా పోతారు, ముక్క తియ్యడం వల్ల పోయారని ఊరు అనుకుంటుంది. ఆవిడ కూడా ఏడాదిన్నర తర్వాత ముదిరిపోయాకే వెళ్లింది. అంగిలి దాటి పైకి, కంటి దాకా పాకింది. ఆవిడ పోయేముందు అమ్మ రోజూ వెళ్లి కూర్చునేది. ఆవిడ కూతుళ్లు ఇద్దరూ ఇప్పుడు చుట్ట ముట్టరు. ఆ చావును అమ్మ తన ఓటమిగానే లెక్కేసుకుంది. అప్పటి నుంచి ముక్క పరీక్ష అయ్యేదాకా ఎవర్నీ ఒంటరిగా వదల్లేదు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడుంది. టార్చి వేసి చూడటం అమ్మ పనిలో చిన్న భాగం. చూశాక వచ్చే ప్రయాణమే పెద్దది. తెల్లవారుజామున ఊళ్లో బస్సెక్కి శ్రీకాకుళం చేరాలి. అక్కణ్నించి విశాఖకు వంద కిలోమీటర్లకు పైనే. వెళ్లాక ఓపీ చీటీ, ఏ గది, ఏ అంతస్తు, రక్తపరీక్ష ఎక్కడ, స్కానింగ్ ఎక్కడ. ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో గేదెకు ఎవరు కుడితి పెడతారు, మనవడికి అన్నం ఎవరు పెడతారు? వీటిలో ఏ ఒక్కటి తెగకపోయినా ఆడమనిషి ప్రయాణం మానేస్తుంది. అమ్మ వీటన్నిటికీ ముందే ఏర్పాటు చేసేది. గేదెను చూసే పని ఆ ఇంటి ఎదురింటావిడకు అప్పజెప్పేది. చదువురాదు కాబట్టి చీటీల రంగులు గుర్తుపెట్టుకుంది, మెట్లు లెక్కపెట్టుకుని అంతస్తులు గుర్తుపట్టేది. పరీక్ష రేపు చేద్దామని డాక్టరంటే, “డాట్రమ్మా, ఈ మనిషికి ముక్క ఇయ్యాలే తియ్యాలి. రేపంటే మరి రాదు” అని బల్ల దగ్గరే నిలబడిపోయేది. మొదట్లో కసిరారు. తర్వాత్తర్వాత అమ్మ వెంట వచ్చిందంటే ఆ మనిషికి ఏదో ఉండే ఉంటుందని, ముందు పిలిచేవారు.

ఈ ఖర్చంతా ఎవరిది? నాన్న పోయాక వచ్చిన వితంతు పింఛనులోంచి బస్సు టిక్కెట్లు కొనేది. అమ్మ టిక్కెట్టూ, వెంట వచ్చిన మనిషి టిక్కెట్టూ. నేనిచ్చే డబ్బు మందులకని దాచుకునేది. ఒక ఏడాది ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, సభ పెట్టి అమ్మకు సన్మానం చేశారు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, రెండు మాటలు చెప్పమన్నారు. అమ్మ మైకు పట్టుకుని, “శాలువా వొద్దు బాబూ, బస్సు కిరాయి ఇయ్యండి. ఈ నెల్లో ఇంకా ముగ్గుర్ని తీసుకెల్లాల” అంది. చప్పట్లు గట్టిగా మోగాయి. కిరాయి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

డాక్టర్లు కానివాళ్లు నోరు చూస్తే ప్రయోజనం ఉంటుందా అని అడిగేవాళ్లకు రుజువులున్నాయి. తిరువనంతపురం దగ్గర 1996లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. 2005లో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో చేసిన మరో అధ్యయనం ఉంది. అక్కడ పదో తరగతి చదివిన స్త్రీలకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంతో గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించడం నేర్పారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. యంత్రాలు లేవు, పెద్ద ఖర్చు లేదు. వెలుతురు, శిక్షణ, గుమ్మం దాకా వచ్చే మనిషి, అంతే. మా జిల్లాలోనే, కేరళ, గుజరాత్‌లలోనూ కలిపి 36 వేలమందికి పైగా పొగాకు వాడేవాళ్లతో చేసిన పరిశోధన కూడా 1986లో లాన్సెట్‌లో వచ్చింది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినప్పుడు మానేవాళ్లు పెరుగుతారని అది తేల్చింది.

కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఐదేళ్లకోసారి పరీక్ష జరగాలి. ఆ తర్వాత 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా తేలలేదు. దీనికి ఏఎన్ఎమ్‌లనో ఆశా కార్యకర్తలనో తప్పుపట్టడం అన్యాయం. బాలింతలు, టీకాలు, బీపీ, షుగరు, టీబీ, ఆపైన ఫోన్‌లో నింపాల్సిన వివరాలు. మా ఊరి ఆశా అమ్మాయి అమ్మతో కలిసి తిరిగేది. అమ్మ నోళ్లు చూస్తుంటే తను పేర్లు రాసుకునేది. అమ్మ పోయాక ఆ పిల్ల ఒక్కతే రెండూ చెయ్యలేక సతమతమవుతోంది.

అందుకే నా ప్రతిపాదన ఒక్కటే. క్యాన్సర్ నుంచి బయటపడిన ఆడవాళ్లలో ఇష్టమున్నవాళ్లను వెతికి, శిక్షణ ఇచ్చి, ఈ పనిలో జీతానికి పెట్టుకోవాలి. ఇది వింత కోరిక కాదు. టీబీ తగ్గినవాళ్లను టీబీ ఛాంపియన్లుగా తయారుచేసి రోగుల దగ్గరికి పంపడం మన దేశంలో ఇప్పటికే జరుగుతోంది. హెచ్ఐవీ నివారణలో ముప్పు ఎక్కువున్న సమూహాల మనుషులనే పీర్ ఎడ్యుకేటర్లుగా గౌరవవేతనంతో పెట్టుకున్నారు, దానివల్ల వచ్చిన మేలు అందరికీ తెలుసు. డ్వాక్రా సంఘాల్లో యానిమేటర్లకు గౌరవవేతనం ఉంది. క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బతికి బయటపడ్డ మనిషి చెయ్యాల్సింది వేదికెక్కి శాలువా కప్పించుకోవడం వరకేనా?

జీతం అని ఎందుకు పట్టుపడుతున్నానంటే, సేవ అన్న పేరుతో పేద ఆడవాళ్ల చేత ఊరికే పని చేయించుకోవడం మనకు బాగా అలవాటైపోయింది. అమ్మ గొప్ప మనసున్న మనిషి, నిజమే. ఆ మనసుకు తోడు ఆమెకు పింఛను ఉంది, ఉద్యోగం చేసే కూతురుంది. రోజు కూలి మీద బతికే మనిషికి అమ్మలాంటి మనసున్నా ఈ పని చెయ్యలేదు. కనీసం వ్యవసాయ కూలి రేటు, బస్సు పాసు, వెంట తీసుకెళ్లే రోగికి ప్రయాణ ఖర్చు, పోయిన కూలికి పరిహారం. ఇవి ఇవ్వాలి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, వైద్యానికి ఆరోగ్య పథకం ఉంది. కోట్లు ఖర్చుపెట్టి కట్టిన ఆసుపత్రికి మనిషి సకాలంలో చేరడానికి వందల్లో అయ్యే ఖర్చు దగ్గర వెనకాడటం నాకు అర్థం కాదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తన గాయాన్ని పదిమందికీ చూపించమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. అమ్మ చూపించింది, అది అమ్మ ఇష్టం. ఆవిడలా అందరూ ఉండరు, ఉండక్కర్లేదు. తన కథ చెప్పకుండా టార్చి మాత్రమే వేసే మనిషి అయినా చాలు, రోగితో పాటు బస్సెక్కే మనిషి అయినా చాలు.

అడ్డపొగ తగ్గిపోతోంది కదా, ఈ తరం పిల్లలు ముట్టడం లేదు కదా అని కొందరంటారు. తగ్గిన మాట నిజం, మా బళ్లో ఆడపిల్లలకు చుట్ట చుట్టడమే రాదు, అందుకు సంతోషిస్తున్నాను. కాని నలభై ఏళ్లు నిప్పు నోట్లో పెట్టుకున్న అరవై, డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు మా ఊళ్ల నిండా ఉన్నారు. జబ్బు ఇప్పుడు బయటపడే వయసు వాళ్లది. వాళ్లు పోతే అలవాటు కూడా పోతుంది, సమస్య తీరిపోతుంది అని ఎదురుచూడటం ఎంత దయలేని మాటో ఒక్కసారి ఆలోచించండి. వాళ్లు మన అమ్మలు, అమ్మమ్మలు. ఇదే జిల్లాలో ఉద్దానం కిడ్నీ రోగుల గోడు ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. జనం, పత్రికలు, ఉద్యమకారులు వెంటపడితేనే 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. అంగిలి క్యాన్సర్ వచ్చిన ముసలమ్మల కోసం వెంటపడేవాళ్లు లేరు. నోరు పోయినవాళ్లు గొంతెత్తలేరు.

అమ్మ క్యాన్సర్‌తో పోలేదు. పక్షవాతం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. పధ్నాలుగేళ్లు ఆ జబ్బు మళ్లీ రాలేదు. పొద్దున్నే నోరు చూసుకున్నాకే టీ తాగేది, ప్లేటు రోజూ రెండుపూటలా తోమి నీళ్లలో పెట్టేది, డాక్టరు రమ్మన్న తేదీ ఒక్కటీ తప్పలేదు. చికిత్స చేయించుకుంటే నోటి క్యాన్సర్ నయమవుతుందనడానికి ఆవిడ బతుకే సాక్ష్యం. పిల్లలు “టార్చిలైటు మామ్మ” అని పిలిచేవారు. దినాలకు మేం ఎరగని ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో కొందరి దవడ మీద ఆపరేషన్ గీతలున్నాయి. ఆ వచ్చినవాళ్లలో కనీసం ఐదారుగురు, శిక్షణ ఇచ్చి కూలి కడితే, రేపు పొద్దున్నే టార్చి పట్టుకుని బయల్దేరగలరు. వాళ్లే నాకు చెప్పారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, అనకాపల్లి జిల్లాల అధికారులకు, వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఇది. తీరంలో ఒక్క మండలంతో మొదలుపెట్టండి. బతికి బయటపడినవాళ్లను పదిమందిని తీసుకోండి, దంతవైద్య కళాశాలల చేత శిక్షణ ఇప్పించండి, నెల నెలా జీతమివ్వండి. ఏడాది తర్వాత ఎంతమందిని తొలిదశలో పట్టుకున్నారో లెక్క చూడండి. పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ, ఏ పొగాకు అలవాటున్న పెద్దవాళ్లున్నా ఈ రోజే ఫోన్ టార్చి వేసి వాళ్ల నోరు చూడండి. అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద చూడండి. తెల్లటి మచ్చ గాని, ఎర్రటి మచ్చ గాని, రెండు వారాలు దాటినా మానని పుండు గాని కనిపిస్తే వాళ్లను ఒంటరిగా పంపకండి. ఆ రోజు సెలవు పెట్టి, మీరే వెంట ఆసుపత్రికి వెళ్లండి.